మాట పడిపోయింది

వెర్నాకు కోపమొస్తే ముందు బల్ల గుద్దుతుంది. వినపడని వాళ్లకైనా ఆ అదురు తెలుస్తుంది. వంట మధ్యలో మాట్లాడాలంటే గరిటెను చంకలో ఇరికించుకుని రెండు చేతులూ ఖాళీ చేసుకుంటుంది. ఆమే, భర్త ఓర్విల్ కూడా పుట్టు చెవిటివాళ్లు. సైగలే వాళ్ల భాష. అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల నుంచీ బధిరుల క్లబ్బులో ఓర్విల్ చేతులు కథ మొదలుపెడితే అందరి కాఫీలూ చల్లారిపోయేవి. మొన్న ఆయన మెదడులో నెత్తురు గడ్డకట్టింది. ఇప్పుడా చేతులు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాయి, పేక పంచుతున్నాయి. సైగల్లో మాటలు మాత్రం కలగాపులగమైపోతున్నాయి.

"మాటేం పోలేదండీ. ఆయన ఎప్పుడూ మాట్లాడలేదుగా! చేతులు బాగానే ఉన్నాయి, ఇంటికి తీసుకెళ్లండి," అన్నాడు డాక్టరు గమ్ నములుతూ. ఆసుపత్రి దుబాసీ దాన్ని సైగల్లో చెప్పింది.

ఎప్పుడూ మాట్లాడలేదట! వెర్నా బల్ల గుద్దింది. ఆమె చేతులు విసిరిన మాటల్ని దుబాసీ గొంతు అందుకుంది: "రేపు నీ మెదడుకీ ఇదే వస్తే, గమ్ నములుతున్నావు కదా, నోరు భేషుగ్గా ఉంది పొమ్మంటే ఊరుకుంటావా నాయనా? మాట ఉండేది నోట్లోనూ కాదు, చేతుల్లోనూ కాదు. ఇక్కడ!" వెర్నా వేలితో కణత పొడుచుకుంది.

ఓర్విల్ ఆమెను ఊరడించబోయాడు. ఆమె బుగ్గ సొట్టకు గుర్తుగా తన బుగ్గ మీద వేలు తిప్పి భార్యను పిలవడం ఆయనకు పెళ్లినాటి అలవాటు. ఆ వేలు నుదుటికి వెళ్లింది, గడ్డానికి దిగింది, చెవి దాకా పోయి తిరిగొచ్చింది. బుగ్గ దొరకలేదు.

"చూశారా, చెయ్యి ఎంత చక్కగా ఆడుతోందో!" అన్నాడు డాక్టరు.

ఆ మాట వెర్నాకు చెప్పడానికి దుబాసీకి చేతులు రాలేదు.