మట్టిదారి మలుపులో ఐదు నిమిషాలు

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో మా నలుగురికి ఒక బెంగళూరు కంపెనీ ప్రాజెక్టు దొరికింది. పల్లె బస్సు ఎప్పుడొస్తుందో ముందే చెప్పే పద్ధతి తయారుచేయాలి. అప్పటికి మా ఫోన్లలో మ్యాపులు లేవు. కంపెనీ ఇచ్చిన జీపీఎస్ డబ్బాలు బస్సుల్లో పెట్టి, మేమూ వాటిలోనే తిరుగుతూ, బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగిందో, ఎందుకాగిందో రాసుకోవాలి.

నాకు బట్లహళ్ళి నుంచి చింతామణి మీదుగా చిక్కబళ్ళాపురం పోయే ప్రైవేటు బస్సు వచ్చింది. మాది బాగేపల్లి. చింతామణిలో పిన్నమ్మ ఇంట్లో ఉంటూ రోజూ పొద్దున అక్కడే ఎక్కేదాన్ని. డ్రైవరు యాభై దాటిన మనిషి. ఇంజను పక్క సీటు నాకోసం ఉంచేవాడు.

చింతామణి దాటాక ఒక మట్టిదారి మలుపుంది. అక్కడ స్టాపు లేదు. అయినా సోమవారం, గురువారం ఆయన బస్సాపి ఐదు నిమిషాలు కాచుకునేవాడు. ఒకామె భర్తను భుజానికి ఆనించుకుని మెల్లగా నడిపించుకొచ్చేది. అతని పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచి ఉండేవి.

"కిడ్నీలు పోయినాయమ్మా. చిక్కబళ్ళాపురంలో రక్తం కడిగించుకోవల్ల. టైముకు పోకపోతే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారంట," అన్నాడు డ్రైవరు.

నేను కారణం దగ్గర 'రోగి' అని రాశాను. నెల తిరిగాక కంపెనీ ఇంజనీరు నా కాగితాలు చూసి, "దీనికి కోడ్ లేదు. జనం, ట్రాఫిక్, రిపేరి, అనవసరం. ఈ నాలుగిట్లో ఒకటి వేయాల," అన్నాడు.

నాలుగూ మళ్ళీ చదివాను. 'అనవసరం' అని దిద్దాను. ఆయన నన్ను బలవంతపెట్టలేదు.

కంపెనీ ఆ రిపోర్టును బస్సు యజమానికి చూపించింది. తర్వాతి వారం బస్సెక్కితే స్టీరింగు దగ్గర కొత్తాయన. పాతాయన్ని ఇంకో రూటుకు మార్చారట.

అది గురువారం. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ ఇద్దరూ మట్టిదారిలో ఇంకా దూరంగా ఉన్నారు. ఆమె చెయ్యెత్తింది.

"ఆపన్నా, వాళ్ళు వస్తాండారు," అన్నాను.

"స్టాపు లేనిచోట ఆపొద్దని ఓనరు చెప్పినాడమ్మా. ఆపితే మీ డబ్బా చెప్పేస్తాది కదా."

బస్సు ఆగలేదు. వెనక్కి తిరిగి చూశాను. ఆమె చెయ్యి ఇంకా పైనే ఉంది. దిగిపోదామనుకున్నాను, దిగలేదు. ఆ రోజు ఆరు నిమిషాలు ముందే చేరామని రాసుకున్నాను. తర్వాతి సోమవారం కూడా అంతే. ఆ తర్వాత మలుపులో ఎవరూ కనిపించలేదు.

పరీక్షలయ్యాక ఒకరోజు ఆ మట్టిదారి పట్టి నడిచాను. ఆమె ఇంటి ముందు పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోస్తూ ఉంది. ఆయన పోయి ఇరవై రోజులయిందని పక్కింటివాళ్ళు అప్పటికే చెప్పారు.

"బస్సు ఆపకపోవడానికి కారణం నేను రాసిన కాగితమమ్మా," అన్నాను.

ఆమె కత్తి పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది. "డ్రైవరు పక్కన కూర్చోనుండేది నువ్వే కదా?"

"అవునమ్మా."

"ఆయప్ప అడుగు తీసి అడుగు పెట్టలేకుండా రావడం చూస్తానే ఉంటివే. చూసి కూడా రాసినావా?"

తల ఊపాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "పురుగులకు ఆకు వేసే పొద్దయింది, పోమ్మా," అని గంప ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపు ఆ వాకిట్లోనే నిలబడి, చింతామణి దాకా నడిచే వచ్చాను.

మా ప్రాజెక్టుకు కాలేజీలో మంచి మార్కులు వచ్చాయి. కంపెనీ నాకు ఉద్యోగమిస్తానంది. వద్దనే ధైర్యం నాకు లేకపోయింది. చేరిన మొదటి నెలలో, కారణాల జాబితాలో 'రోగి' అని ఒకటి చేర్చమని అడిగాను. చూద్దామన్నారు. నేను అక్కడున్న మూడేళ్ళలో చేర్చలేదు.