‘లీ’ తగిలించే మేస్త్రీ

మా మోటార్ల షెడ్డు మేస్త్రీకి ఒకటే జబ్బు. ఇంగ్లీషు మాట దొరికితే చాలు, దాని తోకకి ‘లీ’ తగిలిస్తాడు.

ఇంగ్లీషులో ‘స్లో’కి ‘లీ’ చేరిస్తే ‘నెమ్మదిగా’ అని అర్థం. ‘నీట్’కి చేరిస్తే ‘నీట్‌గా’. అంతవరకు సబబే. మేస్త్రీ మాత్రం అన్ని నట్లకీ ఒకటే స్పానర్ అన్నట్టు వాడేస్తాడు. ‘‘ఫాస్ట్‌లీ రా! సుత్తి స్ట్రాంగ్లీ పట్టు! పద, లంచ్‌లీ వెళ్దాం!’’

ఇంట్లోనూ అదే గోల. ‘‘టీ హాట్లీ ఇవ్వు’’ అంటే వాళ్లావిడ, ‘‘గ్లాసులీ పొయ్యనా, నెత్తిలీ పొయ్యనా?’’ అనేది.

ఓసారి మేనేజరు పిలిచి గట్టిగానే చెప్పాడు. ‘‘కొనేవాళ్ల ముందు నువ్వు నోరు విప్పకు. పరువు పోతోంది.’’

‘‘మోటారు తిరక్కపోతే పోవాలి సార్ పరువు. నా మాటకెందుకు పోతుంది? మాట్లాడతాను. లౌడ్లీ మాట్లాడతాను!’’

షెడ్డులో తీగ చుట్టే అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె చుట్టిన మోటారు రిపేరుకని మళ్లీ మా గుమ్మం తొక్కేది కాదు. ఆమెని సూపర్‌వైజర్‌ని చేస్తామన్నారు. కానీ బయటి దేశం నుంచి వచ్చే కొనుగోలుదారుకి పనంతా ఆమే ఇంగ్లీషులో చెప్పాలని మేనేజరు షరతు. ఇంగ్లీషు ఆమెకి వచ్చు. ఎవరైనా నవ్వితే మాత్రం గొంతు పడిపోతుంది.

ఆ కొనేవాడు వచ్చిన రోజు రెండు మాటలు చెప్పి తడబడింది. ఆఫీసువాళ్లు కిసుక్కుమన్నారు. అంతే, నోరు మూతపడింది. మేనేజరు తల అడ్డంగా ఊపి, ఆమె చేతిలోని మోటారు లాక్కోబోయాడు.

మేస్త్రీ అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. ‘‘సార్! షీ వైండింగ్ టైట్లీ! కాపర్లీ! మోటార్లీ! ఫ్యాన్లీ!’’

కొనేవాడితో సహా షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆ అమ్మాయీ నవ్వేసింది. నవ్వుతూనే, ‘‘ఆయన చెప్పేదేంటంటే సార్,’’ అని ఇంగ్లీషులో అందుకుని, చివరి చుట్టు వరకు గడగడా చెప్పేసింది.

తర్వాత అడిగాను. ‘‘కాపర్లీ ఏంటి మేస్త్రీ, మరీనూ!’’

గ్రీజు చేతులు తుడుచుకుంటూ అన్నాడు. ‘‘ఎక్కడ తగిలించకూడదో నాకు తెలీదనుకున్నావా? ఇక్కడ సగంమందికి ఇంగ్లీషంటే వణుకు. నవ్వేవాళ్లకి నేనొకణ్ణి దొరికితే, మిగతావాళ్ల జోలికి పోరు. నవ్వుకోనీ!’’

సూపర్‌వైజరైన మొదటిరోజే ఆమె మేస్త్రీ బల్ల దగ్గర ఆగింది. ‘‘ఏంటి మేస్త్రీగారూ ఈ చుట్లు? ఇంత వదులుగానా? మొత్తం విప్పి మళ్లీ చుట్టండి’’ అనేసి వెళ్లిపోయింది.

మేస్త్రీ మొహం వెలిగిపోయింది.

‘‘విన్నావా? నన్ను! అందరి ముందూ! ఎంత ధైర్యంగా తిట్టిందో!’’ అంటూ తీగ విప్పడం మొదలుపెట్టాడు.