చుక్కల పచ్చీసు

వినాయక చవితి దగ్గర పడితే విగ్రహాలు చేసే ధూల్‌పేట్ సందుల్లో తడిమట్టి, కొబ్బరిపీచు, కొత్తరంగు అన్నీ కలిసి ఒకటే వాసన వేస్తాయి. ఏటా వెళ్తాను, చేతిలో పట్టేంత విగ్రహం తెచ్చుకుంటాను, ఏమీ అనిపించదు. ఈసారి మాత్రం ఒక షెడ్డు ముందు ఎవరో రంగు చేతులు తుడుచుకుని పడేసిన తడి గోనెసంచి వాసన ముక్కుకు తగలగానే ఆగిపోయాను. మా చిన్నప్పటి ఆకాశానికి సరిగ్గా ఇదే వాసన.

చార్మినార్ అవతల గౌలిపురాలో మాది పాడి ఇల్లు. నానబెట్టిన పత్తిగింజల వాసన, పిడకల పొగ, తెల్లారగానే పాలక్యాన్ల చప్పుడు, వానాకాలం వస్తే కొట్టంలోంచి వాకిట్లోకి పారే నీళ్లు, అందులో మేం వదిలే కాగితం పడవలు, వాటిని తొక్కకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచే నానమ్మ. పాలు కొలిచేటప్పుడు చుక్క ఎక్కువ పోయని మనిషి, చల్ల దగ్గరికి వచ్చేసరికి ధర్మరాజు. చిలికిన చల్లకుండ గడప పక్కన పెట్టేది. మేం ఖాలా అని పిలిచే గోడ పక్కింటి పిన్ని అయినా, దారిన పోయే రిక్షా ఆయన అయినా ముంత పట్టుకొస్తే నింపి పంపాల్సిందే. పాలు అమ్ముకోవచ్చు, చల్ల అమ్మకూడదు. మా ఇంట్లో ఇది శాసనం.

నాకు ఊహ తెలిసేనాటికి కొట్టంలో ఒక్క బర్రె మిగిలింది. పేరు కర్రి. దాని కొమ్ము ఒకటి కిందికి వంగి, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు కనిపించేది. కడగడం, మేపడం, దాని పక్కనే మంచం వేసుకుని పడుకోవడం, అంతా చిన్నాయన పనే. బాపుకు సర్కారు ఫ్యాక్టరీలో నౌకరీ. గడ్డి దొరకడం లేదు, బస్తీలో ఇళ్లు పెరిగి పేడ వేసే జాగా కూడా లేదు. ఆ ఎండాకాలం చిన్నాయన ఎవరిదో పెళ్లికని ఊరికి వెళ్లినప్పుడు బాపు కర్రిని అమ్మేశాడు. ఎదురుగా ఉంటే తమ్ముడు అమ్మనివ్వడని ఆయనకు తెలుసు. చిన్నాయన తిరిగొచ్చి, ఖాళీ గుంజను చూసి, ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం వానలు పడేదాకా సాగింది. "నల్లా వచ్చిందని మీ బాపుకు చెప్పు" అనేవాడు, బాపు చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని. "నాకు ఇనొస్తదని మీ చిన్నాయనకు చెప్పు" అనేవాడు బాపు. మధ్యలో అక్కా నేనూ టెలిఫోన్ తీగల్లా వేలాడేవాళ్లం. నానమ్మ మాత్రం అన్నం వడ్డిస్తూ ఇద్దరి మొహాలూ చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకునేది.

అక్కకు అప్పుడు తొమ్మిదో తరగతి. చంద్రుడి మీద మనిషి నడిచాడని రేడియోలో విన్నప్పటి నుంచి ఆవిడ పాదాలు నేల మీద ఆనడం మానేశాయి. బర్రె పోయాక పనిలేకుండా పడి ఉన్న పత్తిగింజల సంచిని కోసి పరిచి, తలుపులకు వేయగా మిగిలిన నల్లరంగు పూసి, మీద సున్నంతో చుక్కలు పెట్టి, చుక్కకూ చుక్కకూ దారులు గీసింది. మధ్యలో భూమి. మూలల్లో మనుషులెవరూ చూడని లోకాలు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల ముందు మేం ఏరుకొచ్చిన ముక్కలు ఆ లోకాల్లో దొరికే రత్నాలు. ముందుగా రత్నం తెచ్చి భూమికి చేరినవాళ్లది గెలుపు. నానమ్మ పచ్చీసు ఆడుకునే గవ్వలు వేసి ఎవరి ఓడ వాళ్లు నడపాలి. గడికో చింతగింజ ఇచ్చుకోవాలి, ఎందుకంటే చింతగింజ అంటే పీల్చే గాలి. గింజలు అయిపోతే ఓడ ఆకాశంలో ఆగిపోయినట్టే.

ఓడలకు మట్టి ధూల్‌పేట్ నుంచి చిన్నాయనే తెచ్చాడు. అందరికీ రాకెట్లు చేశాడు. బాపుది మాత్రం ఎందుకో చెంబులా వచ్చింది. తనకోసం వంకర కొమ్ము బర్రెను చేసుకున్నాడు.

"బర్రె ఆకాశంల పోతదా చిన్నాయనా?" అంది అక్క.

"భూమ్మీద జాగ లేదన్నరు గద" అన్నాడు. బాపు పేపర్లోంచి తల ఎత్తలేదు.

గాలి తక్కువైతే పక్క ఓడ దగ్గర గాజుముక్క ఇచ్చి కొనుక్కోవాలని అక్క మొదట పెట్టిన నియమం. నానమ్మ గవ్వలు కింద పడేసింది. "గాలి అమ్ముకుంటరా? పాలమ్ముకునేటోళ్లం, సల్ల ఎన్నడన్న అమ్మినమానె?" ఇక చేసేదేముంది, నియమం మారింది. పక్క గడిలో ఉన్నవాళ్లను ఎవరి నోటితో వాళ్లే అడగాలి. అడిగినవాళ్లకు లేదనకూడదు. ఆటంతా పాడైందని అక్క మూతి ముడుచుకుంది గానీ అసలు ఎత్తులు అప్పుడే మొదలయ్యాయి. ఎంత పోటీపడినా ఎవరూ ఎవరికీ మరీ దూరం పోయేవాళ్లు కాదు.

ఒక ఆదివారం ముసురు పట్టింది. ఖాళీ కొట్టంలో సంచి పరుచుకుని, ఖాలా తెచ్చిన వేడివేడి మిర్చీబజ్జీలు తింటూ ఆడుతున్నాం. ఎర్ర రత్నంతో భూమికి వస్తూ బాపు చెంబు నడిమధ్యలో ఆగిపోయింది. చేతిలో గింజ లేదు. పక్క గడిలో ఉన్నది ఒక్క చిన్నాయన బర్రె.

"మీ చిన్నాయనకు చెప్పు..." అని బాపు మొదలుపెట్టాడు.

"నీ నోటితోనే అడగాలె బాపూ" అంది అక్క.

"అయితే ఓడిపోయిన, తీయ్" అని బాపు లేవబోయాడు.

"మాంగ్‌లో భాయ్, అడుగుతె ఏమైతది?" అంది ఖాలా.

నానమ్మ బాపు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "సల్లకొచ్చి ముంత దాసుడెందుకురా కొడుకా?"

బాపు మట్టిబర్రెను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో దాని కొమ్ము నిమిరాడు.

"గిట్లనే వంగుండె గదరా" అన్నాడు. బర్రెను మళ్లీ దాని గడిలో పెట్టి, "తమ్మీ, జర గాలి ఇయ్యి."

చిన్నాయన తన గింజలన్నీ దోసిలితో అటు తోసేశాడు. అక్క కెవ్వుమంది. "అన్ని ఇస్తె నువ్వు సస్తవ్ చిన్నాయనా!"

"నేనడుగుత తియ్యి. మా అన్న లేడా?"

నానమ్మ మొహం తిప్పుకుంది. బాపు గింజలు ఏరుకుంటూ, "కాటేదాన్ దిక్కున్నదిరా కర్రి. రేపు నాకు ఛుట్టి. పోయి సూసొద్దమా?" అన్నాడు. పొద్దున్నే ఇద్దరూ ఒకే సైకిల్ మీద, హ్యాండిల్‌కు తవుడు సంచి కట్టుకుని వెళ్లారు.

ఆ కొట్టం ఉన్న చోట ఇప్పుడు స్కూటర్లు నిలబెడుతున్నారు. చల్ల ప్యాకెట్లలో వస్తుంది, కత్తిరించుకుని తాగుతాం. మా ఆకాశాన్ని ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. బాపూ, ఆయన వెనకే చిన్నాయనా ఈ లోకం విడిచి వెళ్లిపోయారు.

ధూల్‌పేట్ నుంచి ఈసారి విగ్రహంతో పాటు పిడికెడు మట్టి కూడా అడిగి తెచ్చుకున్నాను. బర్రె చేద్దామని కూర్చుంటే కొమ్ముల దగ్గర చెయ్యి ఆగిపోయింది. అక్కకు ఫోన్ చేశాను. వంగింది ఎడమ కొమ్మని అక్క, కుడిదని నేను. చాలాసేపు వాదులాడుకున్నాం.

"బాపునో చిన్నాయననో అడుగుదాం ఆగు" అనేశాను, అలవాటుగా.

ఎవరి నోటితో వాళ్లే అడగాలని పట్టుబట్టిన అక్క, ఫోన్ అవతల, "నా తరఫున గూడ నువ్వే అడుగు" అంది.