పెట్రోల్ కారిన పొద్దు

మా మామయ్య చనిపోయిన్రన్న కబురు నాకు రెండు గంటలు ఆలస్యంగ అందింది. జిన్నారం దిక్కున్న ఒక మందుల కంపెనీ ల్యాబ్‌ల పనిచేస్త. లోపలికి ఫోన్ తీసుకపోనియ్యరు. మధ్యాహ్నం అన్నానికి బయటికొచ్చి లాకర్ తీస్తే మా ఆయన నుంచి పదకొండు కాల్స్ ఉన్నయి. చూడంగనే అర్థమైంది. పొద్దున చాయ తాగి, జెరసేపు పండుకుంటనని పండుకున్నరట. ఇగ లేవలేదు. ఆయనను చూసుకునే ఆయమ్మ పక్కనే కూసున్నా, ఊపిరి ఎప్పుడు ఆగిందో చెప్పలేకపోయింది.

పలకరించడానికి వచ్చినోళ్లల్ల ఒకరిద్దరు, కోడలు ఇంటిపట్టున ఉంటే బాగుండేదని నాకు వినబడేటట్టే అనుకున్నరు. నన్ను మళ్ల నౌకరికి పంపిందే ఆయన. ఆ సంగతి చెప్దామనే ఇది రాస్తున్న.

మామయ్యది గోదావరి జిల్లా. పెండ్లికి ముందే ఇక్కడి పెద్ద ప్లాంట్‌ల ఫిట్టర్‌గ చేరి, తర్వాత పటేల్‌గూడల ఇల్లు కట్టుకున్నరు. ఇన్నేండ్లున్నా ఆయన మాట మారలేదు. నేను సంగారెడ్డి పిల్లను. నా యాస మీద ఆయన ఎన్నడూ నవ్వలేదు, అర్థం కాకపోతే మాత్రం ఇంకోసారి చెప్పమనేటోరు. తక్కువ మాట్లాడే మనిషి. కూరల ఉప్పు చాలకపోతే అనకుండ, లేచిపోయి తెచ్చుకునేటోరు. మిక్సీ అయినా కుళాయి అయినా, విప్పే ముందు పాత గుడ్డ పరిచి, తీసిన మరలు తీసిన వరుసలనే దాని మీద పెట్టుకునేటోరు. "విప్పేటప్పుడే బిగించడం గురించి ఆలోచించాలమ్మా" అని ఒకసారి నాతో అన్నరు.

అత్తమ్మ పోయిన ఏడాదికి ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పినయి. మాట ముద్దయిపోయింది. మా ఆయనది పటాన్‌చెరుల షిఫ్టు నౌకరి. ఇగ నేనే ల్యాబ్ పని మానేసిన. నన్ను మానెయ్యమని ఎవరూ అనలేదు, వద్దని కూడ ఎవరూ అనలేదు.

రెండేండ్లు గట్లనే గడిచినయి. గోలీలు, అన్నం, స్నానం, మళ్ల గోలీలు. వాకిట్ల ఆయన పాత కారు అడ్డంగ ఉండేది. మా ఇంటికి ఉన్నది ఒకటే తలుపు. అందులకెళ్లి బయటికొచ్చి, కారుకూ గోడకూ నడుమ ఒంటిగ నడిస్తేనే గేటు దొరుకుతది. మా ఆయన తుక్కు కింద ఇచ్చేద్దామంటే మామయ్య తల అడ్డంగ ఊపేటోరు. సాయంత్రం కాంగనే కర్ర పట్టుకొని పోయి డ్రైవర్ సీట్ల కూసునేటోరు. స్టీరింగ్ ముట్టకపోయేటోరు. ఊకెనే ముందరికి చూసుకుంట గంట సేపు. వంటింటి కిటికీలకెళ్లి నేను ఆయనను చూసుకుంట, నడవలేని మనిషికి ఈ కారెందుకని మనసుల తిట్టుకునేదాన్ని. నిజం రాయాలె కద. ఆయన మీద కూడ కోపం ఉండె.

ఆ వానాకాలం మా గల్లీల డ్రైనేజీ పైపుల కోసం నిలువెత్తు కాలువ తవ్విన్రు. గేటు ముందర రెండు చెక్కలేసి, దాటమన్నరు. నేను దాటేదాన్ని. మామయ్య దాటలేరు. రెండు వారాలు ఆయన గేటు దాక కూడ పోలేదు.

ఒకనాడు పొద్దున మా ఆయన డ్యూటీకి పోయినంక ఇంట్ల ఘాటు వాసన వచ్చింది. మా దిక్కు వాసనకు ఎవరూ లేచి చూడరు. గాలి ఎటు తిరిగితే అటు కంపెనీల వాసన వస్తనే ఉంటది. నేను కిటికీ మూసి అన్నం పొయ్యి మీద పెట్టబోయిన. మామయ్య మంచం మీదకెళ్లి ఏదో అంటున్నరు. "పె... పె..." అని వినబడుతుంది. పెరుగు అనుకొని, ఇస్త ఆగమన్న. అప్పుడాయన కర్రతో నేలను గట్టిగ కొట్టిన్రు. అంత కోపంగ ఎన్నడూ కొట్టలేదు. పోయి చూస్తే చెయ్యి వాకిలి దిక్కు చూపెట్టిన్రు. "పెట్రోల్" అన్నరు.

కారు వెనుక చక్రం పక్కన నేల తడిగ ఉంది. చుక్క తర్వాత చుక్క పడుతుంది. తడి గడప దాక పారింది.

నేను కెమిస్ట్రీ చదివినదాన్నే. ఆ ఆవిరి బరువుగ నేలనంటుకొని ఉంటదనీ, చిన్న నిప్పురవ్వ చాలనీ తెలుసు. పొయ్యి వెలిగించలేదు. ఏ స్విచ్చూ ముట్టకుండ కిటికీలన్నీ తెరిచి, గేటు బయట మీటరు కాడ మెయిన్ కట్టేసిన. తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేస్తే, గల్లీ తవ్వి ఉందిగద అక్కా, రేపు చూద్దామన్నడు. మా ఆయన ఫోన్ డ్యూటీల ఎత్తడు. కారును బయటికి నూకుదామంటే ముందర కాలువ. మామయ్యను పక్కింటికి తోలుకపోదామని భుజం కింద చెయ్యి పెట్టి చెక్కల కాడిదాక నడిపించిన. కాలువల నీళ్లు చూసి ఆయన ఆగిపోయిన్రు.

"నేను రాలేనమ్మా. దాన్నే బాగు చేద్దాం. నీకు చేతులున్నాయి కదా."

ముద్దమాటల అంత పొడుగు వాక్యం నేను అప్పుడే మొదటిసారి విన్న.

గల్లీల పోసిన ఇసుక తెచ్చి తడి మీద చల్లి, ఎత్తి బయట పారబోసిన. మామయ్య గేటు పక్కన కుర్చీల, గాలి తగిలే కాడ కూసున్నరు. మోకాళ్ల నడుమ ఇసుక బకెట్ పెట్టుకున్నరు, నిప్పంటితే పోయడానికి. వాసన తగ్గినంక బ్యాటరీ నల్ల తీగ ముందు తీయమన్నరు. తర్వాత నన్ను కారు కిందికి పొమ్మన్నరు.

గోనెసంచి పరుచుకొని వెల్లకిల దూరిన. ఇనుము నా ముక్కుకు జానెడు దూరంల ఉంది. పక్కకు తిరగరాదు, లేవరాదు. ఊపిరి బిగబట్టిన. చుక్క ఒక మర మీదకెళ్లి పడుతుందని అరిచి చెప్పిన.

"చుక్క పడే చోటు కాదు. తడి మొదలైన చోటు చూడు" అన్నరు.

వేలుతో తడిని పట్టుకొని పైకి పోయిన. ట్యాంకుకూ ఇనుప పైపుకూ నడుమ బెత్తెడు రబ్బరు గొట్టం ఉంది. ఎండి, క్లిప్పు కాడ పగిలింది. ఆయన చెప్పినట్టే ఒక కొస ఊడదీసి, ట్యాంకుల ఉన్నదంతా రేకు డబ్బాలకు పట్టిన. ప్లాస్టిక్ వద్దన్నరు. మూడు డబ్బాలు. మూతలు బిగించి, ఒక్కొక్కటే చెక్కల మీదకెళ్లి ఖాళీ ప్లాటుల పెట్టొచ్చిన.

గొట్టం ముక్క కాగితంల చుట్టి, పటాన్‌చెరు పోయి అదే కొలతది, పెట్రోల్‌కు పనికొచ్చేదే తెమ్మన్నరు. ఆయనను ఒక్కరినే వదిలి, వెనుకకు చూసుకుంట పోయిన. దుకాణంల పెద్దాయన, తురకాయన, ముక్కను వెలుతురుకు పెట్టి చూసి, ఎవరమ్మా మెకానిక్ అని అడిగిండు. మా మామయ్య అని చెప్పిన.

కొత్త గొట్టం తొడిగి, కొత్త క్లిప్పులు బిగించి, కొంచెం పెట్రోల్ పోసి, కింద పాత పేపర్ పరిచినం. పేపర్ పొడిగ ఉంది. అయిపోయిందన్న. "ఒకసారి చూస్తే చూడనట్టే" అని అరగంట ఆపి మళ్ల చూపించిన్రు. అప్పుడు కూడ పొడిగనే ఉంది.

నేను గోడకు ఆనుకొని కింద కూసున్న. జుట్టు నిండ ఇసుక. మామయ్య నన్ను చూసి అన్నరు.

"నా వల్ల ఇరుక్కుపోయావు కదమ్మా."

కాదని చెప్పాల్సింది. ఎవరైనా గట్లనే చెప్తరు. నా నోటికెళ్లి, "అవును మామయ్యా" అని వచ్చింది.

ఆయన బాధపడలేదు. కొలత సరిపోయిందన్నట్టు తల ఊపిన్రు. "నేను కూడా" అన్నరు. మళ్ల, "ఒకళ్ళైనా బయటపడదాం" అన్నరు.

ఆ సాయంత్రమే కొడుకును పిలిచి, పగటి పూటకు మనిషిని పెట్టుమని, కోడలు పనికి పోతదని చెప్పిన్రు. మా ఆయన వాదించిండు. ఈయన మూడుసార్లు అదే మాట చెప్పి, నాలుగోసారి గోడ దిక్కు తిరిగి పండుకున్నరు. నెల తిరగకుండనే నాకు పాత ల్యాబ్‌ల పని దొరికింది. తర్వాత ఆయన ఏడాదిన్నర బతికిన్రు. ఇంటికి రాంగనే, ఇయ్యాల ఏం పరీక్ష చేసినవని అడిగేటోరు. నేను చెప్తుంటే కండ్లు మూసుకొని వినేటోరు. ఇంట్ల నన్ను నమ్మి చేతికి పని ఇచ్చిన మొదటి మనిషి ఆయన.

ఆ ఒక్క పొద్దు మటుకు నన్ను ఇడుస్తలేదు. నేను మళ్ల నౌకరికి పోయిన మొదటి రోజు. కాలువ పూడ్చేసిన్రు. కంపెనీ బస్సు గల్లీ మూలకు వచ్చింది. వెనుకకు చూస్తే మామయ్య ఒక్కరే కర్ర మీద గేటు బయటికొచ్చి నిలబడ్డరు. ఎడమ చేత్తో గుండీలు పెట్టుకున్నరేమో, అంగీ ఒక దిక్కు పైకి పోయింది. ప్లాంట్‌ల క్రేన్ నడిపేటోనికి కిందకెళ్లి చేత్తో సైగ చేస్తరట, అడ్డమేం లేదు, పోనియ్యి అని. కర్రను నడుముకు ఆనించుకొని, ఆ ఎడమ చెయ్యి పైకెత్తి, బస్సు డ్రైవర్‌కు ఆయన ఆ సైగ చేసిన్రు. బస్సు కదిలింది. మూల తిరిగేదాక ఆ చెయ్యి దిగలేదు.