ఆ తలుపుకు తాళం ఉందని నాకు తెలుసు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. సాక్ష్యం చెప్పేవాళ్లు కన్నీళ్లతో మొదలుపెట్టి పాటతో ముగించడం మనకు అలవాటు, కానీ నన్ను మన్నించండి, ఈ రోజు నేను కోపంతో నిలబడ్డాను, ఆ కోపాన్ని దాచుకుని మీకు తియ్యటి మాటలు చెబితే అది మళ్లీ అబద్ధమే అవుతుంది, అబద్ధం చెప్పి నేను పడ్డ బాధ చాలు!

ఏడాదిన్నర పాటు నేను ప్రార్థన చేయలేదు. మీ మధ్యనే కూర్చున్నాను, పెదవులు కదిలించాను, అంతే. ఇంటికి వెళ్తే అన్నం కంచం విసిరేసేవాణ్ని, దారిలో ఎవరైనా హారన్ కొడితే బండి దిగి కొట్లాటకు పోయేవాణ్ని, నా కూతురు నా చెప్పుల చప్పుడు వింటే పక్క గదిలోకి వెళ్లిపోయేది. నా భార్య స్వరూప నన్ను చూసి ఏడవడం కూడా మానేసింది. ఎందుకిలా అయ్యానో చెప్పాలంటే నా పని గురించి చెప్పాలి.

మాది మోత్కూర్ దగ్గర ఒక పల్లె. బాపు మేకలు కాసి నన్ను చదివించాడు. తెలంగాణ వచ్చిన తరువాత నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది. కట్టడాలు నిబంధనల ప్రకారం ఉన్నాయా, నిప్పు అంటుకుంటే లోపలి మనుషులు బయటపడే దారి ఉందా అని తిరిగి చూసి కాగితం మీద రాయడమే నా పని. నేను ఒక్క రూపాయి లంచం తీసుకోలేదు, దేవుడు నాకు సాక్షి. అందుకే నేను నీతిమంతుణ్ని అనుకున్నాను, ఎంత గర్వమండీ నాది!

మన పట్టణంలో మూడంతస్తుల బట్టల దుకాణం ఒకటి ఉండేది. తనిఖీకి వెళ్లాను. వెనక మెట్ల తలుపుకు తాళం వేసి ఉంది, దాని ముందు నడుమెత్తున బట్టల మూటలు పేర్చి ఉన్నాయి. చీరెలు ఎత్తుకుపోతారని తాళం వేశామన్నారు. పైఅంతస్తులో చీరెలు మడతపెట్టే యాదమ్మ అనే ఆమె, యాభై ఏళ్లుంటాయేమో, నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: "సారూ, తాళంచెవి సేటు జేబులనే ఉంటది. ఏమన్న అయితే మేం ఏడికెళ్లి పోవాలె? జర చెప్పుండ్రి."

నేను నోటీసు ఇచ్చాను. అప్పటిదాకా బాగానే ఉంది. కానీ ఆ దుకాణం యజమాని మన సంఘస్థుడే, మొదటి వరుసలో కూర్చునేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘ పెద్దయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. పెద్దయ్య ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు, ఈ మాట చెప్పనా అని నిన్న అడిగితే, "చెప్పు తమ్మీ, నా సంగతి గూడ చెప్పు, దాచకు" అన్నాడు, అందుకే చెబుతున్నాను. ఆ రోజు ఆయన, "మన విశ్వాసే గద తమ్మీ, పెండ్లిళ్ల సీజన్ అయినంక తీపిస్తడు, జర కనికరించు" అని, నా తల మీద చెయ్యి పెట్టి "ప్రభువా, నీ బిడ్డ మనసు మెత్తబరుచు" అని ప్రార్థన చేశాడు. ప్రార్థనకు ఆమేన్ అన్న నోటితో కాదనలేకపోయాను. మరుసటి రోజు మళ్లీ వెళ్లి చూడకుండానే, 'తాళం తీశారు, దారి బాగుంది' అని రాసి సంతకం పెట్టాను.

నెల తిరగలేదు. పొద్దున పదకొండు గంటలకు కింది అంతస్తులో కరెంటు బోర్డు అంటుకుంది. పొగ ముందు మెట్లన్నీ కమ్మేసింది. పైన ఏడుగురు ఆడవాళ్లు వెనక తలుపు దగ్గరికి ఉరికారు. తాళం! యాదమ్మ బట్ట కొలిచే ఇనుప గజంతో కిటికీ అద్దం పగలగొట్టి, చీరెలకు ముళ్లు వేసి, ఒక్కొక్కరినే కిందికి దింపింది. అందరూ దిగాక ఆమె దిగుతుంటే ఆ చీరెల తాడు అంటుకుంది. రెండు చేతులూ కాలాయి, కింద పడి కాలు విరిగింది. నేను అక్కడికి చేరేసరికి ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకుపోతున్నారు. నన్ను గుర్తుపట్టి కళ్లు తిప్పుకుంది.

ఎవరూ చనిపోలేదు. దేవునికే మహిమ, నేనూ అంటాను! కానీ మనమేం చేశాం? యజమాని ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం, బిర్యానీ తిన్నాం, దేవుడు కాపాడాడని చప్పట్లు కొట్టాం. కాపాడింది దేవుడే, సరే, మరి తాళం వేసింది ఎవరు? తాళం లేదని రాసింది ఎవరు? ఆ కూడికలో యాదమ్మ పేరు ఒక్కరైనా ఎత్తారా? నేనూ ఎత్తలేదు, నేనూ తిన్నాను! ఆ రోజు మొదలైన కోపం నా ఇంటిని తగలబెట్టింది.

చివరికి ఒకరోజు స్వరూప తలుపుకు అడ్డం నిలబడింది. "గీ కోపం మా మీద గాదు. నువ్వు చేసిన పనికి మేమెందుకు దెబ్బలు తినాలె? పోయి ఆమె మొఖం చూసి రా" అంది.

వెళ్లాను. నార్కట్‌పల్లి దాటాక వాళ్ల ఊరు. గొర్ల దొడ్డి పక్కన మంచం మీద కూర్చుని ఉంది యాదమ్మ. వేళ్లు ముడుచుకుపోయి, కోడలు తినిపిస్తుంటే తింటోంది. నేను మోకాళ్ల మీద పడి, అమ్మా నన్ను క్షమించు, నీ కోసం ప్రార్థన చేస్తాను అన్నాను.

"ప్రార్థన ఎనక చేద్దువు గని సారూ," అంది. "గా తాళం నువ్వు చూసినవా లేదా?"

"చూసిన."

"చూసిన అని కాయితం మీద రాస్తవా?"

నేను లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాను. ఆమె కోడలి వైపు తిరిగి, "సారుకు చాయ్ పొయ్యి. తాగి పోతడు" అంది.

సహోదరులారా, ఎన్నో ప్రసంగాలు విన్నాను, 'కాయితం మీద రాస్తవా' అన్న ఆ మాటలాగా నన్ను చీల్చిన ప్రసంగం లేదు! తిరిగి వస్తూ నార్కట్‌పల్లి బస్టాండులో బెంచీ మీద కూర్చుని, మనుషులు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా మొరపెట్టాను: "ప్రభువా, నాకు నెమ్మది ఇయ్యకు. నిజం రాసేదాకా నన్ను పండనియ్యకు. నౌకరి పోతే పోనీ, నువ్వు పోకు!" ఏడాదిన్నర తరువాత అదే నా మొదటి ప్రార్థన.

మరునాడు పై అధికారికి నా చేత్తో అంతా రాసి ఇచ్చాను. నన్ను సస్పెండ్ చేశారు, చెయ్యాల్సిందే. నా కాగితం చూసి మూసేసిన కేసు మళ్లీ తెరిచారు, యాదమ్మ వైద్యం ఖర్చు యజమాని మీద పడింది. ఆయన సంఘం వదిలి వెళ్లిపోయాడు. మీలో కొందరు నాకు వందనం చెప్పడం మానేశారు, సహోదరుణ్ని పట్టించినవాడు అన్నారు. మరి యాదమ్మ మీకెవరు? ఆమె మన ప్రభువును ఎరగదు, కానీ అందరినీ దింపి ఆఖరున దిగింది. మొదటి వరుసలో కూర్చున్న మనం ఏం చేశాం?

ఎనిమిది నెలలకు జీతం పెంపు కోసేసి నన్ను పనిలోకి తీసుకున్నారు. విడుదల అంటారా? స్వరూప మీద చెయ్యి లేచే కోపం ఆ బస్టాండులోనే పోయింది, నా కూతురు ఇప్పుడు నా పక్కనే కూర్చుని అన్నం తింటోంది. ఇది దేవుడు చేసిన పని కాక మరేమిటి! తాళాలేసే వాళ్ల మీద కోపం మాత్రం ఉంచాడు, దానితో పని చేయమన్నాడు.

యాదమ్మ నన్ను క్షమించానని ఇప్పటికీ అనలేదు. కానీ పోయిన నెల చంక కింద కర్ర ఆనించుకుని మా ఆఫీసుకొచ్చింది. "మా తోటామె పనిచేసే దుకాణంల గూడ ఎనక దర్వాజ బంద్ చేసిండ్రు. పా, సూద్దాం" అంది. చేతిలో పని పక్కన పెట్టి ఆమెతో వెళ్లాను. ఆ తలుపు తెరిపించేదాకా ఆమె ఎండలో నిలబడింది, నేనూ నిలబడ్డాను.

ఆ కృపామయునికి వేల వందనాలు! నా మాట వింటున్న తల్లీ, తమ్ముడూ, మీరు కప్పిపెట్టిన అబద్ధం ఏదైనా ఉంటే, క్షమించమని అడిగి ఊరుకోకండి, లేచి వెళ్లి దాన్ని సరిచేయండి. భయం వేస్తుంది, నాకూ వేసింది. అయినా ఆయన్ని నమ్మి అడుగు వేయండి. ఆయన మీతో నడుస్తాడు, నాతో నడిచాడు. ఆమేన్.