హలోగారి ఇంటర్వ్యూలు

ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆమె హలోగారు. మెట్ల కింద కిటికీ లేని చిన్న గదిలో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని, వచ్చిన ప్రతి ఫోనునూ వార్డుకో, డాక్టరుకో, మందుల కొట్టుకో కలపడం ఆమె పని. పెళ్ళీడు అక్కడే దాటిపోయింది, జుట్టూ అక్కడే నెరిసింది. అవతలివాళ్ళు ఏడుస్తుంటే, "మెల్లగా చెప్పండమ్మా, నేను లైన్లోనే ఉన్నాను" అనేది. ఆ గొంతు ఊరందరికీ తెలుసు. ఆ గొంతుకు ఒక ముఖం ఉందని మాత్రం ఎవరికీ తట్టేది కాదు.

ఒక వేసవిలో ఫోన్లు వాటంతటవే కలిసే యంత్రం వచ్చింది. బోర్డు విప్పి మూట కట్టారు. ఆసుపత్రి మేనేజరు ఆమె చేతిలో ఒక పూలగుత్తి పెట్టి, "మీలాంటివాళ్ళకు ఉద్యోగాలకేం కొదవండీ" అని చేతులు దులుపుకున్నాడు.

తల్లి పోయినప్పటి నుంచీ ఆమె ఒక అద్దె ఇంటి పై అంతస్తు గదిలో ఒక్కతే ఉంటోంది. తమ్ముడు వేరే ఊళ్ళో కాపురం. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, "ఎలా ఉన్నావక్కా?" అంటాడు. "నాకేంరా, బాగానే ఉన్నా" అంటుంది. ఉద్యోగం ఊడిందని చెప్పుకోవడానికి ఆమెకు మొహం చెల్లలేదు. పాత ఆసుపత్రి వాళ్ళెవరైనా వీధిలో ఎదురైతే గబుక్కున అవతలి వైపుకు దాటేసేది.

ఇంటర్నెట్ షాపుకు వెళ్ళి, కనిపించిన ప్రతి ప్రకటనకూ అదే బయోడేటా పంపేది. చాలావాటికి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అడపాదడపా ఎవరో రమ్మనేవారు. వెళ్ళిన చోటల్లా అదే తంతు. ఫోనులో గలగలా మాట్లాడిన మనిషికి, ఎదురుగా ఇంకొకరు కూర్చోగానే నోరు పెగిలేది కాదు. చూపు కిందికి జారేది. "ఫోన్లు కలిపేదాన్నండీ" అని ఆగిపోయేది. వాళ్ళు "కబురు చేస్తాం" అనేవారు. ఆ కబురు ఏ దారిన పోయేదో!

ఒక లారీ ఆఫీసులో మాత్రం, ఇంచుమించు ఆమె వయసే ఉన్న మేనేజరమ్మ కాగితాలు పక్కకు జరిపి అంది: "ఏమీ అనుకోకండి. ఇందాకట్నించీ మీరు నాతో మాట్లాడట్లేదు, ఈ టేబుల్‌తో మాట్లాడుతున్నారు."

తల కొట్టేసినట్టయింది. బస్సు వచ్చి ఎదురుగానే ఆగినా ఎక్కబుద్ధి కాలేదు. ఎండలో నడిచి ఇల్లు చేరింది. మెట్ల మీద ఎదురు గది అమ్మాయి తారసపడింది. బ్యూటీపార్లర్‌లో పని చేస్తుంది, ముక్కుసూటి మనిషి.

"ఏంటక్కా అలా ఉన్నావు? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

ఆ ఒక్క మాటకు హలోగారు మెట్టు మీద కూలబడిపోయి, అంతా చెప్పేసింది.

"వేసవి నుంచా! ఎదురుగుమ్మంలో ఉన్నాను, నాక్కూడా చెప్పలేదే! ఉద్యోగం కావాలని నలుగురికీ తెలియకపోతే ఎవరిస్తారక్కా, ఇంటికొచ్చి తలుపు కొడతారా? సరే, రేపు నాకు సెలవు. నేనే నీ మేనేజర్ని."

అన్నట్టే మర్నాడు ఆ పిల్ల హలోగారి గదిలో కుర్చీ ఎదురుగా వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, గొంతు బొంగురు చేసింది. "ఊఁ, చెప్పండి. మీకేం వచ్చు?"

"ఫోన్లు కలపడం."

"అదిప్పుడు యంత్రమే చేస్తోంది కదండీ. అది చెయ్యలేనిది మీరేం చేశారు? ఒక్కటి చెప్పండి. నేల మీద కాదు, ఇటు చూసి."

హలోగారు ఆలోచించింది. ఏళ్ళ కిందట ఊళ్ళో మిల్లు కూలిన రోజు గుర్తొచ్చింది. ఊరంతా ఒక్కసారిగా ఫోన్ చేసింది. వార్డుల నుంచి జవాబు రావడం లేదు. గాయపడ్డవాళ్ళ పేర్లు తనే తెప్పించుకుని, ఫోన్ చేసిన ఒక్కొక్కరికీ చదివి చెప్పింది. పేరు దొరకని తల్లితో, మిగతా లైన్లు చూసుకుంటూనే, పేరు దొరికేదాకా మాట్లాడుతూ కూర్చుంది. నేల చూపులతోనే అదంతా చెప్పింది.

"ఇంత కథ పెట్టుకుని, ఫోన్లు కలిపేదాన్నండీ అని ఊరుకుంటావా? ఎవరి కోసం దాచావక్కా?" బ్యూటీషియన్ మేనేజరు గొంతు మర్చిపోయింది. "మళ్ళీ చెప్పు, నన్నే చూస్తూ."

హలోగారు తల ఎత్తింది. ఆ పిల్ల రెప్ప వాల్చకుండా తననే చూస్తోంది. రెండు వాక్యాలు చెప్పిందో లేదో, కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"ఏమైందక్కా?"

"ఏం లేదమ్మా. అమ్మ పోయాక నన్నెవరూ ఇంతసేపు చూళ్ళేదు."

ఆ పిల్ల లేచి టీ పెట్టి, గ్లాసు చేతికిచ్చి, "రోజంతా మొహాలు చూడ్డమే నా పని. నీ మొహానికేం, లక్షణంగా ఉంది. టీ తాగి మళ్ళీ మొదలుపెట్టు" అంది.

ఆ తర్వాత కూడా తీరిక దొరికినప్పుడల్లా ఇద్దరూ అలా కూర్చున్నారు. ఒకరోజు హలోగారు సిగ్గు చంపుకుని పాత హెడ్ నర్సుకు ఫోన్ చేసింది.

"హలోగారూ! ఏమైపోయారండీ, మమ్మల్ని మర్చేపోయారా?" హెడ్ నర్సు నిష్ఠూరమాడి, తనకు తెలిసిన రక్తపరీక్షల ల్యాబులో కౌంటరుకు మనిషి కావాలంటున్నారని చెప్పింది.

హలోగారు ఇంటర్వ్యూకు ముందురోజే ఆ ల్యాబుకు వెళ్ళి, రోగుల మధ్య ఒక మూల కూర్చుని చూసింది. వచ్చినవాళ్ళు ఎవరిని అడగాలో తెలియక బిక్కమొహాలు వేస్తున్నారు. ఇంటర్వ్యూలో ల్యాబు డాక్టరుతో అదే చెప్పింది. మిల్లు కూలిన రోజు సంగతీ చెప్పింది. గొంతు ఒకటి రెండుసార్లు తడబడింది, చూపు మాత్రం దించలేదు.

అయినా ఉద్యోగం వేరే అమ్మాయికిచ్చారు. ఇదివరకైతే ముసుగుతన్ని పడుకునేది. ఈసారి ఫోన్ తీసి ల్యాబు డాక్టరుకు చేసింది. "నాలో ఏం తక్కువైందో చెబితే దిద్దుకుంటానండీ" అని అడిగింది.

డాక్టరు కాస్త ఇబ్బంది పడ్డాడు. "మీకేం తక్కువ లేదమ్మా. ఆ అమ్మాయికి కంప్యూటర్ మీద చెయ్యి తిరిగింది, అంతే."

"నేనూ నేర్చుకుంటాను. ఎప్పుడైనా మనిషి కావాల్సొస్తే నన్ను తలుచుకోండి."

ఇంటర్నెట్ షాపులోనే కంప్యూటర్ టైపింగు నేర్చుకోవడానికి కూర్చుంది. ఆ రోజుల్లోనే బ్యూటీషియన్‌ను పార్లర్‌వాళ్ళు ఊరి అవతలి కొసన తెరిచిన కొత్త షాపుకు మార్చారు. సామాను ఆటోకెక్కించి, "వారం వారం వస్తాగా అక్కా" అని హలోగారిని గట్టిగా కావలించుకుని వెళ్ళిపోయింది. ఎదురు గదికి తాళం పడింది. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా హలోగారు తలుపు తీసి చూసేది.

చలి మొదలయ్యాక ల్యాబు నుంచి పిలుపు వచ్చింది. ఆ అమ్మాయి మానేసిందట, రేపట్నించి రాగలరా అని. రాగలనంది. ఫోన్ పెట్టేసి ఆగలేక బ్యూటీషియన్‌కు చేసింది. అటు హెయిర్ డ్రయ్యర్ల హోరు.

"వచ్చిందా! నేను చెప్పలా? ఉండక్కా, కుర్చీలో కస్టమర్ ఉంది, మళ్ళీ చేస్తా!"

హలోగారు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీధి దీపాలు వెలిగాయి. ఫోన్ మోగలేదు. పిల్లకు పని తెమిలి ఉండదులే అనుకుంది. ఆ రోజు ఆదివారం కాదు. అయినా తమ్ముడి నంబరు నొక్కింది.

"ఏంటక్కా, ఈ వేళప్పుడు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉన్నాన్రా. నీకో సంగతి చెప్పాలి. వేసవిలో నా ఉద్యోగం పోయింది."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాడు తమ్ముడు. ఆమె మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.