నాయిన గొంగడి కప్పుకున్న రోజు

మొన్న ఆదివారం మా చిన్నమ్మాయి కొడుకు హైదరాబాదు నుంచి మోటారు సైకిల్ మీద నల్లగొండ వచ్చి, అన్నం తిన్న చెయ్యి సరిగ్గా తుడుచుకోకుండానే ఫోను తీసి నా కళ్ళద్దాల ముందు పెట్టాడు. ఆఫ్రికాలో ఏవో దేశాలట, అక్కడ రుసుము కట్టి వేటకు పోవచ్చట, అదీ జీపుల్లో తిరిగి కాల్చడం కాదు, కాలినడకన జంతువు జాడ పట్టుకుని మైళ్ళకు మైళ్ళు నడిచి, గాలివాటం చూసుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి చేరి కొట్టడమట. స్నేహితులు ముగ్గురు కలిసి పోదామనుకుంటున్నారు, నాలుగైదు కంపెనీల వాళ్ళు పిలుస్తున్నారు, వాటిలో ధర్మంగా నడిచేది ఏదో, మన చేతికి అందే ఖర్చులో ఉన్నది ఏదో తాత చూసి చెప్పాలి. ఎందుకంటే మా వంశం మొత్తంలో వేట సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని వాళ్ళమ్మ వాడికి చిన్నప్పటి నుంచీ గొప్పగా చెబుతూ వచ్చిందట. ఆడపిల్లలకు తండ్రి మీద ఉండే ప్రేమ అలాంటిది, ఉన్నదీ లేనిదీ కలిపి చెబుతారు.

"ముసలి మగదాన్నే కొడతరట తాతా, మాంసం మొత్తం ఊరోళ్లకే పంచుతరట. నడుసుకుంట పోయి కొట్టుడు న్యాయమే గదా?" అన్నాడు.

న్యాయమే కదా! ఆ మాట అరవై ఏళ్ళ కిందట, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, అచ్చం అలాగే నేను ఒకరితో అన్నాను. కళ్ళు మంటగా ఉన్నాయి, సాయంత్రం చూస్తాలేరా అని వాడికి అబద్ధం చెప్పి లోపలికి పోయి పడుకున్నాను గానీ నిద్ర ఎక్కడిది? నాకిప్పుడు ఎనభై దాటాయి. మా ఇంట్లో వాళ్ళెవరికీ పూర్తిగా చెప్పని సంగతి ఇది. నా ఈడువాళ్ళు, చెలకలో నాగలి వెంట నడిచిన కాళ్ళున్నవాళ్ళు చదివితే అర్థం చేసుకుంటారనే ఆశతో ఇక్కడ చెబుతున్నాను, క్షమిస్తారని మాత్రం కాదు.

మా ఊరు హాలియాకు ఎగువన, గుట్టల అంచున ఉండేది. ఇప్పుడు ఆ దారిన పోయేవాళ్ళు రెండు పక్కలా పచ్చని వరి చూసి ఇది ఎప్పటినుంచో ఇలాగే ఉందనుకుంటారు. సాగరు నీళ్ళు రాకముందు అక్కడ ఎర్రచెలకలు, రాళ్ళు, ఆముదపు చేన్లు, వానదేవుడు కరుణిస్తే జొన్న, లేకపోతే అదీ లేదు. పొద్దున జొన్నరవ్వతో కాచిన గట్క, మాపటికి గట్క, పండుగ నాడు మాత్రం వరన్నం వండితే పిల్లలం పళ్ళెం చుట్టూ పిల్లుల్లా తిరిగేవాళ్ళం. ఆ చెలకల్లో మనుషుల కంటే జింకలే ఎక్కువ అంటే ఈనాటి వాళ్ళు నవ్వుతారు. మందలు మందలుగా ఉండేవి, ఆడవి గోధుమ రంగులో, వాటి మధ్య మెలికల కొమ్ములతో, నల్లని వీపుతో, పెళ్ళికొడుకులా నిక్కి నడిచే మగది, దాన్ని మా వైపు ఇర్రి అంటారు.

మా చెలక మీదికి వచ్చే మందకు ఒక పెద్ద ఇర్రి ఉండేది. దాని ఎడమ కొమ్ము కొస విరిగిపోయి ఉండేది కాబట్టి ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టేవాళ్ళం. నాయిన దానికి అల్లుడని పేరు పెట్టాడు. "పిలువకుండ వస్తడు, కడుపు నిండ తింటడు, పోయేటప్పుడు మెడ సుత తిప్పడు, అల్లుడు గాకపోతే ఇంకెవడు?" అనేవాడు. మా అమ్మ ఊరుకునే మనిషా? పెసరచేను మొలకెత్తిన రోజుల్లో నాయిన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తుంటే, "నీ అల్లుడు చేన్ల పడ్డడు, పోయి మర్యాద జెయ్యరాదు?" అని దెప్పేది. నాయిన లేచి వెళ్ళి ఒక మట్టిపెళ్ల విసిరేవాడు, అది ఇర్రికి పది గజాల ఇవతలే పడేది. గురి తప్పిందనేవాడు. ఒడిసెల తిప్పితే జొన్నకంకి మీది పిట్టకు తగిలేలా కొట్టగల చెయ్యి ఆయనది, దానికి గురి తప్పడమేమిటో మా అందరికీ తెలుసు.

నాయిన దుక్కి దున్నుతుంటే ఆ మంద యాభై అడుగుల దూరంలో మేసేది. కొత్త మనిషి పొలిమేరలో కనిపిస్తే గాలిలో ఎగిరి మాయమయ్యే జంతువులు, నాయిన నల్ల గొంగడిని నెత్తి మీదుగా కొప్పెర పెట్టుకుని, కొంచెం ఎడమకాలు ఈడుస్తూ, ఎద్దులను నాలుకతో అదిలిస్తూ నడుస్తుంటే ఒకసారి తల ఎత్తి చూసి, ఓహో ఈయనేనా అన్నట్టు మళ్ళీ దించుకునేవి. నేను దగ్గరికి పోతే పరుగే. నాకు అప్పట్లో అది కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది.

ఆ రోజుల్లోనే సాగరు కాలువల కోసం కొలతలు మొదలయ్యాయి. ఏడో తరగతి పాసైన పుణ్యానికి నాకు సర్వే పార్టీలో పని దొరికింది, కానీ తాత్కాలికం, మూడు నెలలకొకసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే ఇంటికి. మా ఊళ్ళో అప్పటికి సర్కారు కొలువు చేసినవాడు ఒక్కడూ లేడు. గట్క నుంచి బయటపడే దారి నాకు అదొక్కటే కనిపించింది.

మా పార్టీకి పెద్ద ఒక ఇంజనీరు సారు, బదిలీ మీద ఎక్కడి నుంచో వచ్చిన మనిషి. ఆయన గురించి చెడ్డగా చెబితే నా నోరు పడిపోతుంది. లైసెన్సు తుపాకీ ఉండేది, వేట అంటే ప్రాణం, కానీ దానికి సొంత నియమాలు పెట్టుకున్నాడు. జీపుల్లో లైట్లు వేసుకుని తిరిగి కనబడ్డదాన్నల్లా కాల్చేవాళ్ళను కసాయివాళ్ళనేవాడు. ఆడదాన్ని కొట్టడు, పిల్లను కొట్టడు, దూరం నుంచి గాయం చేసి వదిలేయడు, తన కాళ్ళతో నడిచి దగ్గరికి పోగలిగితేనే కొడతాడు. నేను ఆయన నీళ్ళ సీసా మోసుకుంటూ వెంట పోయేవాణ్ణి, ధర్మమంటే ఇదీ అని మురిసిపోయేవాణ్ణి.

ధర్మం బాగానే ఉంది గానీ జింక ఒక్కటీ దొరకలేదు. బోడి చెలకల్లో చాటు ఎక్కడిది? ఆయన టోపీ, ఖాకీ లాగు ఫర్లాంగు దూరంలో కనబడగానే మంద గుట్ట అవతల ఉండేది. మూడు ఆదివారాలు చెమటలు కక్కుకుంటూ తిరిగాం. మూడో ఆదివారం ఆయన రాయి మీద కూర్చుని, ఇక ఈ ఊళ్ళో నాకు రాసిపెట్టి లేదేమో అని నవ్వాడు. అంతకు రెండు రోజుల ముందే, ఎవరెవరిని పర్మినెంటు చేయాలో పేర్లు రాసి పంపమని ఆయనకు పై నుంచి కాగితం వచ్చిందని పార్టీలో అందరికీ తెలిసింది. ఆ కాగితం సంగతి నా మనసులో లేదని ఈనాడు బుకాయిస్తే, ఇంత దూరం వచ్చి ఈ కథ చెప్పడం దండగ.

నేనే చెప్పాను. సారూ, వాటికి మా నాయిన గొంగడి అంటే భయం లేదు, మా ఎద్దు అంటే భయం లేదు, నేను గొంగడి కప్పుకుని ఎద్దును నడిపిస్తాను, మీరు ఎద్దు చాటున వంగి రండి, అని. ఇది న్యాయమేనా అని అడిగాడు, నిజంగానే అడిగాడు, జవాబు కోసం నా ముఖంలోకి చూశాడు. "నడుసుకుంట పోయి కొట్టుడే గద సారు, న్యాయమే" అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం నాయిన విత్తనాల కోసం హాలియా అంగడికి పోయాడు. నేను మేకుకు వేలాడుతున్న గొంగడి తీసుకుని, కొట్టంలో నుంచి బొల్లెద్దును విప్పుతుంటే, ఎక్కడికిరా అని అమ్మ అడిగింది. నాడాలు కొట్టించుకొస్తానన్నాను. తొలకరి పడి రెండు రోజులైంది, మొగులు పట్టి ఉంది, గొంగడి కప్పుకుంటే ఎవరికీ వింతగా తోచని పొద్దు.

మంద మా చెలకలోనే ఉంది. నేను కొప్పెర ముఖం మీదికి లాక్కుని, నాయినలాగా ఎడమకాలు ఈడుస్తూ, నాయిన అదిలించినట్టే నాలుకతో అదిలిస్తూ, నేరుగా పోకుండా సాలు తిప్పినట్టు అటూ ఇటూ వంకరగా బొల్లెద్దును నడిపించాను. అవతలి పక్క సారు నడుము వంచి వస్తున్నాడు. నూరు గజాలకు వచ్చేసరికి ఆడవి రెండు తల ఎత్తాయి. ఆ తర్వాత అల్లుడు ఎత్తాడు. నా వైపే చూశాడు. నేను నాలుకతో మళ్ళీ నాయిన చప్పుడే చేశాను. వాడు తల దించుకుని మళ్ళీ గడ్డి కొరకడం మొదలుపెట్టాడు.

ఆ తల దించడం నాకు చాలు. నా బతుకులో నన్ను ఎవరూ అంతగా నమ్మలేదు, ఆ నమ్మిందైనా నన్ను కాదు.

ఇంకో అరవై గజాలు పోయాక సారు ఎద్దు తోక వైపు నుంచి పక్కకు జరిగి కాల్చాడు. బొల్లెద్దు ముకుతాడు తెంపుకుని పారిపోయింది, మంద గుట్ట దాటింది, ఇర్రి మాత్రం రెండు గంతులు వేసి ముందుకాళ్ళ మీద కూలింది. ప్రాణం పోయే ముందు తుపాకీ పట్టుకున్న మనిషి వైపు కాకుండా గొంగడి వైపు చూసిందని నాకు అనిపించింది, నా భ్రమే కావచ్చు, కానీ అరవై ఏళ్ళుగా ఆ భ్రమ నన్ను విడవలేదు. సారు దాని పక్కన కూర్చుని కొమ్ములు నిమిరి, ఇంత దగ్గరికి వచ్చినా ఎందుకు పారిపోలేదని అడిగాడు. దానికి ఎద్దంటే బెదురుండదు సారూ అన్నాను. నన్ను చూసి మా నాయిన అనుకున్నది సారూ అని చెప్పవలసింది, చెప్పలేదు.

మాంసం ఊళ్ళో పంచారు. మా వాటా నేనే ఇంటికి తెచ్చాను, బయటివాళ్ళు కొట్టారని అమ్మకు చెప్పాను, ఆమె వండింది, నేను తిన్నాను. రుచిగానే ఉంది, సిగ్గు విడిచి ఆ మాట కూడా చెబుతున్నాను. పొద్దుగూకే వేళకు నాయిన విత్తనాల మూటతో వచ్చి, ఎద్దు తెగిన ముకుతాడు చూశాడు, మేకుకు ఉండవలసిన గొంగడి మడత పడి మంచం మీద ఉండడం చూశాడు, పొయ్యి మీది కుండ చూశాడు. ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"కొమ్ము ఇరిగిందేనా?"

నేను తల ఊపాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కొట్టినా బాగుండేది, నా ఈడువాళ్ళకు తెలుసు, తండ్రి చెయ్యి పడితే పాపం సగం దిగిపోయేది ఆ రోజుల్లో. అరుగు మీద కూర్చుని, నా ముఖం చూడకుండా, "అల్లుడు తుపాకికి సావలేదు రా, నా గొంగడికి సచ్చిండు" అన్నాడు. అమ్మ ఆ కుండ దించి పక్కింటికి ఇచ్చేసింది.

మర్నాటి నుంచి అసలు శిక్ష మొదలైంది, నాకు కాదు, ఆయనకు. నాగలి కట్టుకుని చెలకలోకి పోయేసరికి గుట్ట అంచున ఉన్న జింకలు ఆయనను చూసి దుమ్ము లేపుకుంటూ పారిపోయాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆయన గొంగడిని మేకుకే వదిలేసి, గోనెసంచి మడిచి నెత్తిన పెట్టుకుని వానలో బయలుదేరాడు. ఇంట్లో గొంగడి పెట్టుకుని గోనెసంచిలో తడవడమేంటని అమ్మ కేకలు వేస్తే, "గా గొంగడి వాటికి యాదికుంటది. ఈ సంచి సూస్తె నేనే వచ్చిననుకుంటయేమో" అన్నాడు. ఆ వానకాలమంతా ఆ మనిషి గోనెసంచిలోనే తడిశాడు, దగ్గు పట్టుకుంది, ఎద్దులను అదిలించడం కూడా మానేసి చప్పుడు లేకుండా దున్నాడు. అవి రాలేదు. చేను మొలకెత్తినా రాలేదు. పంట ఆ ఏడు బాగా నిలిచిందని ఊళ్ళో వాళ్ళంటే ఆయన విననట్టే ఉండేవాడు.

పర్మినెంటు పేర్లలో నా పేరు వచ్చింది. కాగితం పట్టుకుని ఇంటికొచ్చి చెబితే, "మంచిగైంది బిడ్డా" అన్నాడు, అంతే. ఆ కొలువుతోనే పిల్లలను చదివించాను, ఇల్లు కట్టాను, ఇవాళ్టికీ ఆ పింఛను అన్నమే తింటున్నాను. కాలువ మా చెలక మీదుగానే వచ్చింది, గట్క పోయి వరన్నం వచ్చింది. నాయిన దగ్గర కూర్చుని, తప్పైపోయింది నాయినా అని చెప్పాలని ఏటా అనుకుంటూనే ఉన్నాను, ఈ ఏడు కాకపోతే పై ఏడు అని జరుపుకుంటూ వచ్చాను, ఆయన ఆగలేదు.

ఆదివారం సాయంత్రం మనవడికి ఇదంతా చెప్పాను. వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. పోవద్దని నేను అనలేదు, అనే యోగ్యత నాకు లేదు. నడిచినంత మాత్రాన న్యాయం కాదురా అని మాత్రం అన్నాను. వాడు ఏ కంపెనీ పేరూ మళ్ళీ అడగలేదు. పోతాడో మానుతాడో నాకు తెలియదు.

పోయిన ఏడు ఒక పెళ్ళి కోసం మహబూబ్‌నగర్ దాటి కృష్ణ ఒడ్డు వైపు కారులో పోతుంటే, రోడ్డు పక్క చేనులో జింకల మంద కనబడింది. లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి, బస్సులు పోతున్నాయి, ఒక్కటీ తల ఎత్తడం లేదు. మన చిన్నతనంలో జీపు చప్పుడు వింటే చాలు మైలు దూరం ఉరికే జాతి అది. నాకు చెప్పలేనంత సంతోషమై, కారు ఆపించి, చేతికర్ర ఊతంతో దిగి, ఒట్టి చేతులతో, ముసలి నడకతో గట్టు మీద నాలుగడుగులు వేశాను. మంద మొత్తం ఒక్కసారి తల ఎత్తి నన్ను చూసి, చేను దాటి కనబడకుండా పోయింది. లారీలకు బెదరడం మానుకున్నాయి, కాలినడకన ఒట్టి చేతులతో వచ్చే మనిషిని కూడా నమ్మకపోవడం నేర్చుకున్నాయి, ఆ పాఠం వాటికి నేర్పిన వాళ్ళలో నేనొకణ్ణి.